మైకులో మోగని కొమ్ము

పలక గని గుంతలో నీళ్లు నల్లగా ఉన్నాయి.

గట్టు మీద ఒక పాత బైకు. పక్కన ఒక జత చెప్పులు. ఎడమ చెప్పు ఉంగటం తెగిపోయి ఉంది.

ఈతగాళ్లిద్దరు నిన్నటి నుంచి మునుగుతున్నారు, తేలుతున్నారు. తేలిన ప్రతిసారీ గట్టు మీదున్న ఆడమనిషి లేచి నిలబడుతోంది. వాళ్లు తల అడ్డంగా ఊపగానే మళ్లీ కూలబడుతోంది. ఆమె పేరు సౌభాగ్యమ్మ. రాళ్లపల్లెలో కూలి పని చేసుకుని బతికే మనిషి. కనపడకుండా పోయింది ఆమె ఒక్కగానొక్క కొడుకు శ్యాంసన్. ఇరవై మూడేళ్లవాడు. ఈ గనుల్లోనే పలకరాయి తీసే పని చేస్తాడు.

ఈస్టరు వెళ్లిన మంగళవారం, ఉదయం పది గంటలు. ఎండ అప్పుడే మాడ్చేస్తోంది.

ఎస్సై మనోజ్ఞ జీపు దిగింది. రెండు రోజులు వేరే ఊళ్లో బందోబస్తుకు పోయి, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా ఇక్కడికే వచ్చింది.

"సూసైడ్ కేసే మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ కోటేశ్వర్లు. "ఆదివారం పొద్దున ఇంట్లోనుంచి పోయినాడు. సాయంత్రం బైకు దొరికింది. ఇక బాడీ తేలడమే తరువాయి."

ఆ మాట తల్లికి వినబడింది. కోటేశ్వర్లు మంచివాడే. నోరే మంచిది కాదు.

"కారణం?"

"ఫోన్లో ఆట మేడమ్. ఆటలో ఎవుర్నో మోసం చేసినాడంట, ఫ్రెండ్సంతా ఎలేసినారంట. ఆటకు కూడా సస్తారా ఎవరన్నా? చోద్యం గాకపోతే!"

ఆటంటే ఆటేగా అని మీరూ అనొచ్చు. అనండి. పేకాటలో మాట తప్పినవాణ్ని పదేళ్ల తర్వాత కూడా పెళ్లి పందిట్లో ఎత్తిపొడిచే జనం మనం. ఫోన్లో ఆట మాత్రం ఉత్త ఆట ఎట్లా అవుతుంది?

సౌభాగ్యమ్మ తల ఎత్తింది.

"ఓడిపోయినందుకు కాదమ్మా నా కొడుకు పోయింది. వాణ్ని యూదా అన్నారు. ప్రభువును పట్టిచ్చినోడి పేరు పెట్టినారు. మా పల్లెలో ఆ మాటంటే ఏందో మీకు తెలవదు. ఆ యూదా చివరికి ఏం చేసుకున్నాడో సండే స్కూలు పిల్లోల్లకు కూడా తెలుసు." ఆమె గుంత వైపు చూసింది. "'నేను చెయ్యలేదు మా. ఎట్ల చూపెట్టాల్నో తెలవడంలా' అన్నాడు. అదే ఆఖరి మాట."

మనోజ్ఞ బైకు చుట్టూ తిరిగింది. వెనక సీటు మీద ఒక తాడు వేలాడుతోంది.

"ఈ తాడు ఎందుకమ్మా?"

"నీళ్ల క్యాను కడతాడు. గనిలో నీళ్లు దొరకవు గదా."

"క్యాను ఏది?"

సౌభాగ్యమ్మ తెల్లబోయి చూసింది. రెండు రోజులుగా అందరూ గుంతలోకి చూశారు తప్ప బైకు వంక చూసిన నాథుడు లేడు.

"ఎవుడో ఎత్తకపోయుంటాడు మేడమ్," అన్నాడు కోటేశ్వర్లు.

"బైకు వదిలేసి క్యాను ఎత్తుకుపోయే దొంగ ఎవడయ్యా? తాడు కోసింది కాదు. ముడి విప్పింది." ఆమె తెగిన చెప్పు చేతిలోకి తీసుకుంది. "ఉంగటం తెగింది, చెప్పులు వదిలేశాడు. క్యాను భుజాన వేసుకుని నడిచిపోయాడు. చావడానికి పోయేవాడు నీళ్లు మోసుకుపోడు. గుంతలో కాదు, గుట్టల్లో వెతకండి."

గంట తర్వాత వైర్‌లెస్ మోగింది. గనుల వెనక పారబోసిన పలక ముక్కల గుట్టల మధ్య క్యాను దొరికింది. ఖాళీ క్యాను. దగ్గర్లోనే ఎవరో పరిగెత్తిన అలికిడి.

"పిలిస్తే ఇంకా దూరం పోతన్నాడు మేడమ్! అడుగడుక్కీ గుంతలే. ఎంటపడితే జారి పడతాడు."

సౌభాగ్యమ్మ రెండు చేతులూ జోడించి ఆకాశం వైపు చూసింది. మరుక్షణం ఆ చేతులతోనే గుండె బాదుకుంది. కొడుకు బతికున్నాడు. కొడుకు దగ్గర చుక్క నీళ్లు లేవు.

"నేను పిలుస్తానమ్మా. నన్ను పోనీయండి."

"నువ్వు పిలిస్తే వస్తాడా?"

"రాడు," అంది సౌభాగ్యమ్మ. "యూదా తల్లి అని నన్ను అంటారని పోయినాడు. ఆ మాట వాడి మీద నుంచి పోయేదాకా రాడు. వాడి మొండితనం నాకు తెలుసు."

మనోజ్ఞ జీపు వైపు నడిచింది. "గుట్టల్లో వాళ్లను వెనక్కి రమ్మను. దూరం నుంచి చూస్తూ ఉండమను. ఆ ఆటలో వాడికి దగ్గరివాళ్లను చర్చి దగ్గర కూర్చోబెట్టు. సాయంత్రం లోపల తేల్చకపోతే ఈసారి నిజంగానే బాడీ దొరుకుతుంది."

*

చర్చి వరండాలో ముగ్గురున్నారు.

కృప శ్యాంసన్ మేనమామ కూతురు, మార్కాపురంలో డిగ్రీ చదువుతోంది. గిరిధర్ అదే ఊళ్లో పలకల వ్యాపారి కొడుకు. ఆనంద్ బాబు ఈ చర్చి పాస్టరు ఏబేలు గారి అబ్బాయి, శ్యాంసన్‌కు ప్రాణస్నేహితుడు.

ఆట పేరు కోటగోడ. ఆరునెలల సీజను. వీళ్ల జట్టు పేరు నల్లమల దండు. రాళ్లపల్లె నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముప్పైమంది. అందరిదీ కలిపి ఒకటే కోట. ఆ కోట మహాద్వారం నాయకుడి ఖాతా నుంచే తెరుచుకుంటుంది. నాయకుడు శ్యాంసన్.

గుడ్‌ఫ్రైడే మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి ద్వారం తెరుచుకుంది, శత్రువుల దండు లోపలికి దూరింది. మూడింటికి ఆరాధన ముగించుకుని అందరూ ఫోన్లు చేతిలోకి తీసుకునేసరికి కోట బూడిద. సీజను ఖతం.

"ఆ రోజు యుద్ధం వద్దని అవతలి దండుతో ఒప్పందం ఉంది మేడమ్," అంది కృప. "కుదిర్చింది బావే. ఒప్పందం చేసినోడే తలుపు తీసినాడంటే ఏమనుకుంటాం?"

"ఏమనుకున్నారు?"

కృప ఏడుపు ఆపుకోలేకపోయింది. "గ్రూపులో యూదా అని ముందు పెట్టింది నేనే. నా బావే గదా మోసం చేసినాడు అని మంటతో పెట్టినా. నా తర్వాత అందరూ పెట్టినారు."

"గిరిధర్, నువ్వు?"

"మా దుకాణానికొస్తే మా నాయన వాణ్ని మెట్టు కూడా ఎక్కనీయడు మేడమ్. ఆటలో మాత్రం వాడు కూర్చోమంటే కూర్చున్నా, లెయ్యమంటే లేసినా. ఆరునెలల్లో ఎవురికిచ్చిన మాటా తప్పలేదు. మమ్మల్ని ఇడిసిపోయినోళ్లకు కూడా దారి ఖర్చులకని సరుకులిచ్చి పంపించినాడు. అట్లాంటోడు చేసినాడనే ఎక్కువ మండింది."

ఆనంద్ బాబు నేల చూపులు చూస్తున్నాడు. "వానికి ఈ ఆట నేర్పిందే నేను మేడమ్. ఇంతకంటే నేనేం చెప్పాల?"

"ఆరాధన జరిగినంతసేపూ ఫోన్లు ఎక్కడున్నాయి?"

"గుమ్మం దగ్గర బుట్టలో," అంది కృప. "గుడ్‌ఫ్రైడేకు అందరూ ఎయ్యాల్సిందే. రెండు ఫోన్లే బయటున్నాయి. బావది మైకుసెట్టుకు తగిలించి ఉంటది. పాటల మ్యూజిక్ ట్రాకులు దాంట్లోనుంచే వస్తాయి. ఇంకోటి ఆనందన్నది. లైవ్ తీస్తాడు."

"మైకు గది?"

"చర్చి వెనక. లోపల బావ ఒక్కడే ఉంటాడు. మాకెవ్వరికీ కనపడడు."

"శ్యాంసన్‌కు ఇంకో ఫోను ఉందా?"

"ఉన్న ఒక్కదానికే అద్దం పగిలింది మేడమ్."

గిరిధర్ అందుకున్నాడు. "నేను దుకాణంలో ఉండి చూసినా మేడమ్. తలుపు తెరుచుకోంగానే వానికి ఫోన్ చేసినా. నాట్ రీచబుల్! చేసేది చేసి ఫోను ఆపేసుకున్నాడు అనుకున్నా."

"ఫోను ఆపేస్తే పాటలు ఎట్లా వచ్చాయి?"

గిరిధర్ తన ఫోను జేబులో పెట్టేశాడు.

"వాడి పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"మాలో కాపలా అని ఒకటుంది మేడమ్," అంది కృప. "పనికి పోయేటప్పుడు ఖాతా ఇంకొకరికి అప్పజెప్పి పోతాం. కల్లాల దగ్గర కావిలి అట్లనే గదా పెట్టుకుంటారు మా ఊర్లో. కాపలాదారుడు కాయాల్నే గానీ ముట్టుకోకూడదు. బావ ఖాతా పగలు గిరిధర్ చూస్తాడు, రాత్రి ఆనందన్న."

"అంటే నేనే దొంగ అని చెప్పు!" గిరిధర్ లేచాడు. "ఆ టైంలో ఫోను చేతిలో పెట్టుకుని ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే గదా!"

"కూర్చో బాబూ. నిన్నెవరూ ఏమీ అనలేదు. ఇంకా."

*

పాస్టరు ఏబేలు గారు వచ్చారు. రెండు రోజులకే మనిషి సగమైపోయారు.

"అయ్యగారూ, ఆరాధనలో శ్యాంసన్ ఫోను ఏ స్థితిలో ఉంటుంది?"

"ఫ్లైట్ మోడ్‌లో పెట్టిస్తానమ్మా. ఈస్టరుకు ముందు వారం, మట్టల ఆదివారం ప్రార్థన మధ్యలో వాడికి ఎవరిదో ఫోన్ వచ్చింది. చర్చి మీది మైకు గొట్టాల్లో సినిమా పాట ఊరంతా మోగింది. నేను గట్టిగా కోప్పడ్డాను. అప్పటినుంచి వాడే ముందుగా ట్రాకులన్నీ దించిపెట్టుకుని నెట్ ఆపేసుకుంటున్నాడు."

"ఆ ఫోన్ చేసింది నేనే," అన్నాడు గిరిధర్, సిగ్గుతో.

"సరే, మధ్యలో ఒక్క నిమిషం ఫ్లైట్ మోడ్ తీసి ఉండొచ్చుగా?" మనోజ్ఞ తనలో తాను అనుకున్నట్టు అంది. "కృపా, మహాద్వారం తెరిస్తే ఏమవుతుంది?"

"కొమ్ము ఊదుద్ది మేడమ్. తెరిచినోళ్ల ఫోన్లో."

"పద. మైకు గదికి."

చిన్న గది. ఆంప్లిఫయరు, చిక్కుపడ్డ వైర్లు, గోడకు మేకు, మేకుకు శ్యాంసన్ తువ్వాలు. కృప తన ఫోన్‌కు కేబుల్ తగిలించింది. పాట ట్రాకు పెట్టింది. చర్చి మీది నాలుగు గొట్టాల్లోనూ మెల్లగా సంగీతం మొదలైంది.

"ఇప్పుడు ఆట తెరువు. నీకు సొంతంగా ఏదైనా కోట ఉందా?"

"చిన్నది ఉంది."

"తలుపు తియ్యి."

బూ...మ్మ్!

ఊరు ఉలిక్కిపడింది. కుక్కలు మొరిగాయి. ఎవరింట్లోనో పసిపిల్ల గుక్కపట్టింది. కొమ్ము మోత గనుల గుట్టలకు తగిలి తిరిగొచ్చింది.

"ఈ శబ్దం ఆపొచ్చా?"

"ఆటలో ఆపే వీలు లేదు. ఫోను సౌండే తగ్గించాల." కృప వేలు పెట్టి తగ్గించింది. గొట్టాల్లో పాట కూడా తగ్గిపోయింది. కేబుల్ పీకింది. పాట తెగిపోయింది.

ఆ పిల్ల అలాగే కేబుల్ పట్టుకుని నిలబడిపోయింది.

ఎదురింట్లో సరోజమ్మ ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో చర్చి మెట్లు ఎక్కలేక మంచం మీది నుంచే మైకులో ఆరాధన వింటుంది. మనోజ్ఞ గడప దగ్గరనుంచే అడిగింది.

"అవ్వా, శుక్రవారం మైకులో పాటలు ఎక్కడన్నా ఆగినాయా?"

"ఆగలేదమ్మా. మాటల మధ్యన, ప్రార్థనల కింద, సన్నగా ఒస్తానే ఉంది మ్యూజిక్. సిలువ మీద ప్రభువు చెప్పిన ఏడు మాటలూ ఇన్నా. నాలుగో మాటకు ఏడుపు ఆగలా నాకు."

"ఇప్పుడు మోగిన కొమ్ము లాంటిది ఆ రోజు మోగిందా?"

"ఇదా? ఇప్పుడు మోగినదానికే నా గుండె జారిపోయింది తల్లీ! ఆ రోజు మోగుంటే ఈపాటికి నన్ను మట్టి చేసుండేవాళ్లు."

*

మధ్యాహ్నం రెండున్నర. చర్చి లోపల బెంచీల మీద ఆ ముగ్గురు, పాస్టరు గారు, సౌభాగ్యమ్మ. కోటేశ్వర్లు గుమ్మానికి ఆనుకుని వైర్‌లెస్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. గుట్టల మీద చాలాసేపటి నుంచి అలికిడి లేదని ఇప్పుడే చెప్పాడు.

మనోజ్ఞ నిలబడే మాట్లాడింది.

"శ్యాంసన్ ఫోను మైకుకు తగిలించి ఉంది. దాంట్లో ద్వారం తెరిస్తే ఊరంతా కొమ్ము మోగాలి. మోగలేదు. సౌండ్ తగ్గిస్తే పాట ఆగాలి. ఆగలేదు. మీ ముప్పైమందిలో సగం మంది ఆ మైకు కిందే కూర్చున్నారు. మోగని కొమ్ము మీ చెవులతో మీరే విన్నారు. ఒక్కరికీ తట్టలేదు. ఎందుకంటే యూదా దొరికాడుగా! దొరికాక ఇంకెవరు వెతుకుతారు?"

కృప మొహం చేతుల్లో దాచుకుంది.

"మైకు ఆగలేదు. మరి ఆగింది ఏంటి?" ఆమె తన ఫోను పైకెత్తింది. "చర్చి పేజీలో గుడ్‌ఫ్రైడే లైవ్. రెండు ముక్కలుగా ఉంది. మొదటిది ఒంటిగంట ముప్పై ఎనిమిదికి ఆగింది. రెండోది ఒంటిగంట నలభై మూడుకు మొదలైంది. ఆనంద్ బాబూ, మధ్యలో ఏమైంది?"

"నెట్‌వర్క్ పోయింది మేడమ్."

"మొదటి ముక్క చివర చూడు."

తెర మీద ఏబేలు గారు నాలుగో మాట చెబుతున్నారు. ఉన్నట్టుండి బొమ్మ కదిలింది. పైకప్పు కనపడింది. తిరుగుతున్న ఫ్యాను. అడ్డంగా ఒక బొటనవేలు. ఆగిపోయింది.

"నెట్‌వర్క్ పోతే బొమ్మ నిలిచిపోతుంది. ఫోను స్టాండు మీది నుంచి లేచి రాదు. లేపింది నువ్వు. సౌండు ముందే ఆపుకున్నావు. వాడి పాస్‌వర్డ్ కొట్టి, ద్వారం తీసి, మళ్లీ స్టాండులో పెట్టావు. నీకు కాపలాకిచ్చిన తాళంతో తలుపు తీశావు. అందరి ఫోన్లూ బుట్టలో ఉన్నాయని నీకు తెలుసు."

"చెక్ చేద్దామని తీసినా మేడమ్, సిగ్నల్..."

"ఆనందూ."

ఆ మాట అన్నది ఏబేలు గారు. ఒకటే మాట. కోపంగా కూడా అనలేదు.

ఆనంద్ బాబు కుప్పకూలిపోయాడు.

"ఆట గదా అనుకున్నా నాయనా! ఆట గదా! నేను నేర్పినా వానికి. పాస్టరు కొడుకును నేను. ఊర్లో ఎవురూ నన్ను దేనికీ అడగరు. అందరూ శ్యాంసన్‌నే అడుగుతారు. ఒక్కసారి వాడు ఓడిపోతే చూడాలనిపించింది. ఒక్కసారే. అవతలి దండోళ్లకు మెసేజ్ పెట్టినా. సాయంత్రం నవ్వతా చెబుదామనుకున్నా. ఈలోపల గ్రూపులో యూదా అని వచ్చింది. ఇక నోరు లేవలా. నేనే అంటే ఆ పేరు నాకు పడుద్ది గదా."

సౌభాగ్యమ్మ వాణ్ని కొట్టలేదు. తిట్టలేదు. "మా ఇంట్లో నీకెన్ని సార్లు అన్నం పెట్టినా నాయనా," అంది. అంతకంటే వాణ్ని చెప్పుతో కొట్టినా బాగుండేది.

"ఇక్కడ నీ మీద పెట్టడానికి నా దగ్గర సెక్షనేమీ లేదు," అంది మనోజ్ఞ. "పని ఒకటే ఉంది. లే."

*

చర్చి మీద నాలుగు గొట్టాల్నీ కోటేశ్వర్లు స్వయంగా పైకెక్కి గనుల వైపు తిప్పాడు. గాలి అటే వీస్తోంది. ఆ మాత్రం దయ ఉంది ఆ రోజు.

ఏబేలు గారు మైకు తీసి కొడుకు చేతిలో పెట్టారు.

"శ్యాంసన్..." ఆనంద్ గొంతు గుట్టల మీద పరుచుకుంది. "నేను ఆనంద్‌ను. తలుపు తీసింది నేను రా. నీ పాస్‌వర్డ్‌తో. నువ్వు కాదు. ఊరంతా వింటన్నారు. నువ్వు యూదావి కాదు. నేను. ఇంటికి రా రా."

జవాబు లేదు. ఎండ. వీధుల్లోకి జనం వచ్చి నిలబడ్డారు. ఎవ్వరూ ఎవ్వరి మొహమూ చూడటంలేదు.

మళ్లీ చెప్పాడు. ఇంకోసారి చెప్పాడు.

వైర్‌లెస్‌లో కానిస్టేబుల్ గొంతు. "ఏం కదలిక లేదు మేడమ్."

సౌభాగ్యమ్మ మైకు లాక్కుంది. ఆమె జన్మలో మైకు పట్టుకోలేదు. నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది.

"నాయనా శ్యామూ. విన్నావు గదా. సాలు. నీళ్లు తీసుకోని నడిమి గుట్ట కాడికి వస్తన్నా. నువ్వు రాకపోతే ఆ గుంతల్లో నేనే దిగుతా."

మైకు కింద పెట్టి బిందె ఎత్తుకుని పరిగెత్తింది. ఆమె వెనక కృప. కృప వెనక ఊరు.

సగం దూరం పోయేసరికి నడిమి గుట్ట మీద ఒక మనిషి కనపడ్డాడు. నిలబడ్డాడు. పడ్డాడు. లేచాడు. వట్టి కాళ్లు. పలక ముక్కలకు కోసుకుపోయి పాదాలు ఎర్రగా ఉన్నాయి.

తల్లి వాడికి నీళ్లు తాగించింది. చెంప మీద ఒక్కటిచ్చింది. మళ్లీ నీళ్లు తాగించింది.

*

జీపులో ఆసుపత్రికి తీసుకుపోతామంటే శ్యాంసన్ ఒక్క నిమిషం చర్చి దగ్గర ఆపమన్నాడు.

మైకు గది గుమ్మంలో ఆనంద్ బాబు కూర్చుని ఉన్నాడు. మైకు ఇంకా వాడి ఒళ్లోనే ఉంది. శ్యాంసన్‌ను చూడగానే కాళ్ల మీద పడబోయాడు.

"కోట సంగతి ఇడిసిపెట్టు," అన్నాడు శ్యాంసన్. గొంతు పీలగా ఉంది. "అది ఆట. పోతే ఇంకోటి కట్టుకుంటాం. నేనూ ఎంతమందిని పడగొట్టలా?"

"శ్యాంసన్, నేను..."

"ఒకటి చెప్పు. ఆదివారం తెల్లారుజామున ఆరాధనకు వచ్చినా. మైకు గది తెరిచినా. అయ్యగారు వచ్చి, 'ఈ రోజు నువ్వొద్దులే నాయనా' అన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు గదా?"

"ఉన్నా."

"మైకు నీ చేతికే ఇచ్చినాడు గదా?"

ఆనంద్ తల వంచుకున్నాడు. "ఇచ్చినాడు."

"తీసుకున్నావు."

"తీసుకున్నా."

శ్యాంసన్ గోడకున్న తన తువ్వాలు తీసుకుని భుజాన వేసుకున్నాడు. తల్లి చెయ్యి పట్టుకుని జీపు ఎక్కాడు.

జీపు మలుపు తిరిగింది. వెనక నాలుగు గొట్టాల్లోంచి ఆనంద్ బాబు ఏడుపు ఊరంతా వినబడుతూనే ఉంది. మైకు ఆపాలని ఎవరికీ తోచలేదు. ఎప్పుడూ ఆపేవాడు జీపులో వెళ్లిపోయాడు.